ఇరవై అయిదు మీటర్ల దగ్గర దొరకని తప్పు

2022వ సంవత్సరం, వానాకాలం. కరోనా తగ్గుముఖం పట్టి ఆటల పోటీలు మళ్లీ జోరందుకున్న రోజులు. మార్కాపురంలో మాది తుపాకుల మరమ్మతు దుకాణం. మా తాత పెట్టాడు, నాయన నడిపాడు, ఇప్పుడు ఖాసిం అనే నేను కూర్చుంటున్నాను. తుపాకుల దుకాణం అనగానే కొత్తవాళ్లు గుమ్మం దగ్గరే ఆగి లోపలికి తొంగి చూస్తారు. లోపల చూడటానికి ఏముంది గనక? ఒక బెంచీ, ఒక వైస్, నాలుగు ఆకురాళ్లు, నూనె వాసన, గోడకు లైసెన్సు కాగితాలు. బ్యాంకు గార్డుల డబుల్ బ్యారెల్ గన్లు వస్తాయి. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో జమ చేసి, అవి అయిపోయాక తుప్పుతో వెనక్కి తెచ్చుకున్న రైతుల గన్లు వస్తాయి. ఏడాదికి ఒకటో రెండో పోటీల్లో పేల్చే రైఫిళ్లు వస్తాయి. అవి వచ్చిన రోజు నాకు పండగ.

నాకు ముక్కు మీద కోపమని మా ఇంటావిడ చుట్టుపక్కల అందరికీ చెప్పింది. అబద్ధమేమీ కాదు. పనిలో నా మాటకు ఎవరన్నా ఎదురు చెబితే ఆ పూట నాకు అన్నం సహించదు. ఇప్పుడు చెప్పబోయే కేసులో ఆ కోపమే నన్ను నిలువునా ముంచబోయింది.

ఆ రోజు నారాయణరెడ్డి అన్న, ఆయన కూతురు సుజాత దుకాణానికి వచ్చారు. వాళ్లది రాచర్ల మండలంలో ఓ పల్లె. వాన మీద ఆధారపడి కంది, సజ్జ పండించుకునే కుటుంబం. సుజాతకు అప్పటికి ఇరవై మూడేళ్లు. గిద్దలూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో రైఫిల్ పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. బోర్లా పడుకుని యాభై మీటర్ల దూరం పేల్చే ప్రోన్ అనే పోటీ ఆమెది. పాయింట్ టూటూ రైఫిల్, షూటర్‌గా ఆమె పేరు మీదే లైసెన్సు. తుపాకీ మాత్రం ఎవరో పాత షూటర్ దగ్గర వాళ్ల నాయన కొనిచ్చింది.

నారాయణరెడ్డి అన్నకు ఒక అలవాటుంది. ఏ వస్తువు కనపడినా ముందు అరచేతిలో వేసుకుని, చెయ్యి కొంచెం పైకీ కిందికీ ఆడించి తూస్తాడు. ఆ రోజు కూడా నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ నా బెంచీ మీది స్క్రూడ్రైవర్లన్నీ ఒక్కొక్కటే తూచి చూశాడు.

"ఏంది అన్నా, విత్తనాలు ఎంచుతున్నావా?" అన్నాను.

"బరువున్న గింజ తొందరగా చావదు తమ్ముడూ. మా మెట్ట చేలల్లో అదొక్కటే లెక్క" అన్నాడు ఆయన.

విషయం ఇది. రాష్ట్ర పోటీలు మూడు వారాల్లో ఉన్నాయి. అందులో అర్హత మార్కు దాటితే పై పోటీలకు పంపుతారు. సుజాత వేసవి దాకా ఆ మార్కును అవలీలగా దాటేది. రెండు నెలల నుంచి తొమ్మిదీ పదీ మార్కులు పడే చోట ఆరూ ఏడూ పడుతున్నాయి. ఒక్కోసారి గుండు ఎటు పోయిందో కూడా తెలియడం లేదు. ఊపిరి పట్టడంలో లోపమని ఒంగోలు రైఫిల్ క్లబ్‌లో కోచ్ అన్నాడట. ఊపిరి సరిచేసుకుంది. ట్రిగ్గర్ గుంజుతున్నావన్నాడట. అదీ సరిచేసుకుంది. మార్కులు ఇంకా కిందికే పోయాయి.

"తుపాకీలో ఏమన్నా ఉందేమో చూడు చిన్నాయనా. లేకపోతే నాలోనే ఉన్నట్టు" అంది సుజాత. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

రైఫిల్ విప్పాను. బ్యారెల్ మూతి అంచును లెన్సు పెట్టి చూశాను, దెబ్బ లేదు. స్టాక్‌కు, అంటే భుజానికి ఆనించే కట్టెకు, బిగించే స్క్రూలు సరిచూశాను. లోపలి గాడులు అద్దంలా మెరుస్తున్నాయి. ఇక పేల్చి చూడాలి.

మార్కాపురం పలకలకు పేరు. తవ్వి వదిలేసిన పలకరాతి గనులు ఊరి చుట్టూ ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో, మరమ్మతు చేసిన తుపాకులు పేల్చి చూసుకోవడానికి మాకు అనుమతి ఉంది. ఎదురుగా మట్టి కట్ట పోయించాం. ఆ గుంత పొడుగు ఇరవై అయిదు మీటర్లు. అంతకు మించి వెనక్కి జరగడానికి చోటు లేదు, వెనక నీళ్లు నిలిచి ఉంటాయి. మా తాత కాలం నుంచీ మా దుకాణంలో ఏ తుపాకీకైనా పరీక్ష అక్కడే. అక్కడ పాసయితే పాసయినట్టే.

సుజాత తెచ్చిన గుండ్లే వేసి, రైఫిల్‌ను ఇసక సంచుల మీద కదలకుండా పెట్టి అయిదు పేల్చాను. అయిదూ ఒక రెండు రూపాయల బిళ్ల కింద దాగిపోయేంత దగ్గరగా పడ్డాయి. రంధ్రాలు ఒకటి రెండు కాస్త కోలగా కనిపించిన మాట నిజం. తెల్లారి పడిన తుంపరకు అట్ట మెత్తబడింది, అందుకని చిరిగి ఉంటుందిలే అనుకున్నాను. ఆ 'లే' అనే మాట నా వృత్తిలో ఎంత ప్రమాదమో నాకు తెలియనిది కాదు. అయినా అనుకున్నాను.

"తుపాకీ బంగారంలా ఉంది. తప్పు దీంట్లో లేదు. నీ చెయ్యి వణుకుతోందమ్మా. టీ మానెయ్, యోగా చెయ్" అని చెప్పేశాను.

సుజాత రైఫిల్‌ను సంచిలో పెట్టుకుని జిప్పు లాక్కుంది. వాళ్ల నాయన నా మొహం, కూతురి మొహం మార్చి మార్చి చూసి ఆమె వెనకాలే బయటికి నడిచాడు.

వారం తిరగకముందే నారాయణరెడ్డి అన్న ఒక్కడే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మాయి రైఫిల్ అమ్మేద్దామంటాంది తమ్ముడూ. పోటీకి పోనంటాంది. నా చెయ్యే పాడైపోయిందని ఖాసిం చిన్నాయన గూడా చెప్పినాడు గదా, ఇంకేముంది అంటాంది. నువ్వొక్కసారి ఒంగోలు దాకా వచ్చి ఆ యాభై మీటర్ల కాడ చూడు."

నాకు సర్రున కోపం వచ్చింది. "నా పని మీద నమ్మకం లేకపోతే ఇంకెవరి దగ్గరికన్నా పో అన్నా. తుపాకీ బాగుందని చెప్పినా గదా" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "నీ పనికి నేను వంక పెట్టడం ల్యా. మా అమ్మకు చూపు ఆనదు. సూదిలో దారం ఎక్కించమని రోజూ ఈ పిల్లనే పిలుస్తాది. నిన్న గూడా ఎక్కించింది, ఒక్కసారికే. వణికే చెయ్యి అట్ల ఎక్కిస్తాదా? నువ్వే చెప్పు" అన్నాడు.

చేతులతో బతికేవాణ్ణి నేను. సన్నటి స్ప్రింగును దాని గూట్లో కూర్చోబెట్టడానికి ఎన్నిసార్లు పడుతుందో నాకు తెలుసు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే చెయ్యి వణికే చెయ్యి కాదు. నా కోపం చప్పున దిగిపోయింది. మరుసటి ఆదివారం వస్తానన్నాను.

ఒంగోలు క్లబ్‌లో రేంజ్ చూసుకునేదీ, కోచ్‌గా ఉండేదీ ఒకాయనే. పోలీసు శాఖలో రిటైరైన మనిషి, మర్యాదస్తుడు. కరోనా తర్వాత వాళ్లు కొత్తగా ఎలక్ట్రానిక్ టార్గెట్లు పెట్టించుకున్నారు. వాటిలో కాగితం ఉండదు. నల్లటి రబ్బరు పట్టీ ఒకటి తిరుగుతూ ఉంటుంది. గుండు దాన్ని చీల్చుకుని పోయిన చప్పుడును బట్టి అది ఎక్కడ తగిలిందో లెక్కగట్టి, షూటర్ పక్కనున్న తెర మీద ఒక చుక్క పెడుతుంది. మంచి సౌకర్యమే. మార్కు వెంటనే తెలుస్తుంది.

సుజాత పడుకుని పది పేల్చింది. నేను తెరను చూడకుండా ఆమె చేతినే చూస్తూ నిలబడ్డాను. వేలు ట్రిగ్గర్ మీద నూనెలా జారింది. భుజం కదల్లేదు. పది గుండ్లలో ఒక్కసారి కూడా రైఫిల్ మూతి అదరలేదు. తెర మీద మాత్రం చుక్కలు నలుమూలలా చెదిరి ఉన్నాయి. ఇంత మంచి చేతి నుంచి ఇంత చెత్త ఫలితం ఎట్లా వస్తుంది? ఈ చేతి గురించేనా నేను అంత మాట అన్నది అనుకున్నాను.

"సార్, ఆ టార్గెట్ ముందు ఒక కాగితం అంటించండి" అన్నాను.

"ఇప్పుడు కాగితాలు ఎవరు వాడుతున్నారండీ? తెరలో అంతా కనపడుతోంది గదా" అన్నాడు ఆయన.

"చుక్క కనపడతాంది సార్. రంధ్రం కనపడ్డం ల్యా."

ఆయన గొణుక్కుంటూనే ఒక పాత కాగితపు టార్గెట్ వెతికి తెప్పించి అంటించాడు. సుజాత మళ్లీ అయిదు పేల్చింది. కాగితం తెచ్చి చేతిలో పెట్టగానే ఆయనా నేనూ నోరు తెరిచాం. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు పొడుగ్గా ఉన్నాయి. ఒకటైతే గుండు పూర్తిగా అడ్డం తిరిగి, పక్కకు పడుకుని దూరినట్టు అచ్చు పడింది. దీన్ని మేం కీహోల్ అంటాం, తాళంచెవి పట్టే కంతలా ఉంటుందని. గుండు ముక్కు ముందుకు పెట్టి పోవడం లేదు, గాల్లోనే పల్టీలు కొడుతోంది. తెర ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అది పెట్టే చుక్క ఎప్పుడూ గుండ్రంగానే ఉంటుంది. రెండు నెలలుగా ఆ పిల్ల ఆ చుక్కలను చూసి తనను తాను తిట్టుకుంటోంది.

ఇక్కడ చదివేవాళ్లకు కొంచెం చెప్పాలి. రైఫిల్ బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. అవి గుండును తిప్పి పంపుతాయి. తిరిగే బొంగరం నిలబడ్డట్టు, తిరిగే గుండు ముక్కు ముందుకే పెట్టి పోతుంది. ఎన్ని అంగుళాల్లో గుండు ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్కను ట్విస్ట్ రేట్ అంటారు. పదహారు అంగుళాలకు ఒక చుట్టయితే 'వన్ ఇన్ సిక్స్‌టీన్'. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. లావు పెరగడానికి వీల్లేదు కాబట్టి బరువు పెరిగే కొద్దీ గుండు పొడుగవుతుంది. పొడుగు గుండు నిలబడాలంటే ఇంకా వేగంగా తిరగాలి, అంటే గాడుల మెలి ఇంకా బిగువుగా ఉండాలి. మెలి చాలకపోతే మొదటి కొన్ని మీటర్లు ఎలాగో నెట్టుకొస్తుంది, దూరం పెరిగే కొద్దీ తూలి, చివరికి పల్టీ కొడుతుంది.

నా సంచిలోంచి క్లీనింగ్ రాడ్ తీశాను. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, రాడ్ చివర గుడ్డపేలిక బిగువుగా చుట్టి బ్యారెల్లోకి తోశాను. పేలిక గాడులను పట్టుకుంది. రాడ్ మీద పైవైపు బలపంతో ఒక గీత పెట్టాను, మార్కాపురం వాడి జేబులో బలపం ముక్క లేకపోతే ఎట్లా? మెల్లగా తోస్తుంటే రాడ్ తిరిగింది, గీత కిందికి పోయి మళ్లీ పైకి వచ్చింది. టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా పదహారు అంగుళాలు.

"గుండ్ల డబ్బా ఇట్లా ఇయ్యమ్మా" అన్నాను.

డబ్బా మీద అరవై గ్రెయిన్లని రాసి ఉంది. పదహారు అంగుళాల మెలికి నలభై గ్రెయిన్ల గుండు సరిజోడు. అరవై గ్రెయిన్ల పొడుగు గుండుకు తొమ్మిది అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్ కావాలి. రెండూ మంచివే, రెండూ ఒకదానికొకటి పడవు. నా గుంతలో ఇరవై అయిదు మీటర్ల దగ్గర అది తూలడం మొదలుపెట్టింది, నేను అట్ట మెత్తబడిందనుకున్నాను. యాభై దగ్గరికి పోయేసరికి పడిపోయింది.

"ఈ డబ్బాలు ఎవరు ఎంచినారు?" అని అడిగాను.

సుజాత బయటికి చూసింది. వేపచెట్టు కింద బెంచీ మీద వాళ్ల నాయన కూర్చుని ఉన్నాడు, పేల్చే చోటికి బయటివాళ్లను రానివ్వరు. గొంతు తగ్గించి చెప్పింది.

"నాయనే చిన్నాయనా. వేసవిలో హైదరాబాద్ దుకాణానికి ఇద్దరం పోయినాం. నలభైదొకటి, అరవైదొకటి చేతిలో వేసుకుని తూచినాడు. బరువున్నదైతే గాలికి కొట్టుకపోదమ్మా, ఇదే తీసుకో అన్నాడు. నేను గూడా సరే అన్నా. ఏదైనా టూటూనే గదా అనుకున్నా." మళ్లీ బయటికి చూసి, "నాయనకు చెప్పొద్దు. తెలిస్తే అన్నం మానేస్తాడు" అంది.

ఆయన లెక్కలో తప్పు పట్టడానికి లేదు. బరువైన గుండు గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, నిజమే. మూడు వందల మీటర్ల అవతల పేల్చే పెద్ద రైఫిళ్లకు అందుకే పొడుగు గుండ్లు వాడి, బ్యారెళ్లకు బిగువు మెలి పెడతారు. విత్తనానికైతే భూమి ఎట్లాంటిదో ముందు చూసుకునే మనిషి, గుండుకు బ్యారెల్ అనే భూమి ఒకటుందని తెలియక కేవలం గింజను చూసి ఎంచాడు. చెప్పాల్సిన దుకాణంవాడు చెప్పలేదు, చూడాల్సిన నేను చూడలేదు.

చెప్పనులే అని మాటిచ్చాను. కోచ్ తన దగ్గరున్న క్లబ్ కోటాలోంచి నలభై గ్రెయిన్ల డబ్బా ఇచ్చాడు. కొత్త కాగితం అంటించారు. సుజాత పడుకుంది. పది గుండ్లు. కాగితం వచ్చింది. పది రంధ్రాలూ గుండ్రంగా, పంచ్ కొట్టినట్టు ఉన్నాయి. వాటిలో ఎనిమిది, పది మార్కుల వలయంలోనే పడ్డాయి. సుజాత ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని అట్లాగే చాపమీద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోవడమెందుకు.

సంతోషం వస్తే నా గొంతు నా చెప్పుచేతల్లో ఉండదు. బయటికి వస్తూనే కోచ్‌కు చేతులు ఊపుతూ మొత్తం మళ్లీ వివరించడం మొదలుపెట్టాను. "చేతిలో ఏం లేదు సార్, ఆ అరవై గ్రెయిన్ల గుండు ఎవరు ఎంచినారో గానీ..." అన్నాక గాని చూసుకోలేదు, నారాయణరెడ్డి అన్న నా వెనకే నిలబడి ఉన్నాడు. సుజాత నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆయన రెండు కాగితాలూ తీసుకుని పక్కపక్కన పెట్టి చూశాడు. పొడుగు రంధ్రాలు, గుండ్రటి రంధ్రాలు.

"తమ్ముడూ, ఇంకొకసారి చెప్పు. అమ్మాయి చెయ్యి బాగుంది."

"బాగుందన్నా. ఇట్లాంటి చెయ్యి నేను చూడలేదు."

"తుపాకీ బాగుంది."

"బాగుంది."

"నేను తెచ్చిన గుండు తప్పు. అంతే గదా?"

నేను నేల చూపులు చూస్తూ "అంతేనన్నా" అన్నాను.

ఏం జరుగుతుందోనని సుజాత ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన మొహం చేటంత అయింది. "అంతేనా! నాదేనా తప్పు!" అని పకపకా నవ్వి, కూతురి తల మీద చెయ్యి వేసి, "నేను చెప్పలా? నీ చెయ్యికేం కాలేదని నేను చెప్పలా?" అన్నాడు. ఆ తర్వాత ఆయనను పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. రేంజ్ వాచ్‌మన్‌కు చెప్పాడు. టీ కొట్టాయనకు చెప్పాడు. తిరుగు బస్సులో పక్కసీటు ఆయన, పాపం బేస్తవారిపేటలో దిగేదాకా విన్నాడట, "నేనే బరువు గుండ్లు కొనిచ్చినా సార్, తప్పంతా నాదే, అమ్మాయిది ఇసుమంత గూడా కాదు" అని. తప్పు తనదని తెలిసి అంతగా మురిసిపోయిన మనిషిని నా బతుకులో ఇంకొకణ్ణి చూడలేదు.

రాష్ట్ర పోటీల్లో సుజాత అర్హత మార్కును దాటింది. ఆ సంగతి ఫోన్లో చెప్పేటప్పుడు ఆయన గొంతులో మాట కంటే నవ్వే ఎక్కువ వినపడింది.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు మారాయి. తుపాకీ ఎవరు తెచ్చినా, ఏ గుండు వాడుతున్నారు, ఎంత దూరం పేలుస్తారు అని అడగనిదే స్క్రూడ్రైవర్ ముట్టుకోను. రసీదు మీద 'తుపాకీ బాగుంది' అని రాసేవాణ్ణి, ఇప్పుడు 'ఇరవై అయిదు మీటర్ల దాకా బాగుంది' అని రాస్తున్నాను. కొందరు నవ్వుతారు, నవ్వనీ. నేను చూసింది అంతవరకే. దానికి అవతల ఏముందో తెలియకుండా, ఒక మనిషి చెయ్యి పాడైందని ఇంకెప్పుడూ అనను.

కానీ నేను సుజాతను అన్న మాట ఒకటి మిగిలే ఉంది. పై పోటీలకు పోయేముందు రైఫిల్ సరిచూపించుకోవడానికి సుజాత వాళ్ల నాయనతో వచ్చింది. పని ముగించి రైఫిల్ చేతికిచ్చాక చెప్పాను.

"అమ్మా, ఆ రోజు నీ చెయ్యి వణుకుతోందని అనేసినా. చూడకుండా అన్న మాట అది. తప్పు నాది."

వెంటనే నారాయణరెడ్డి అన్న లేచాడు. "నీదెట్లయితాది తమ్ముడూ? గుండ్లు కొన్నది నేను."

"కొంటే కొన్నావులే అన్నా. రంధ్రం కోలగా ఉందని కళ్లారా చూసి వదిలేసింది నేను గదా."

సుజాత రైఫిల్ సంచి భుజానికి తగిలించుకుంది. "మీరిద్దరూ ఎవరిదో తేల్చుకోండి. నాకు ప్రాక్టీసుకు టైమైతాంది" అని చెప్పి, మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్లిపోయింది. మేమిద్దరం ఇంకో గంటసేపు, రెండు టీలు తాగుతూ, ఆ తప్పు నాదంటే నాదని పోట్లాడుకున్నాం.